ఇంటర్నెట్ స్వేచ్ఛ – చట్టసభల బాధ్యత

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు అజెండాలో 7వ అంశంగా ఒక తీర్మానం ఉన్నది. ఇంటర్నెట్‌ను, సోషల్ మీడియాను ప్రభుత్వం పూర్తిగా తన అదుపులోకి తీసుకోవాలని కోరడం దాని సారాంశం. దానిమీద చర్చకు ముందు పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను పురమాయించారు. నా పది నిమిషాలు ఎంతసేపు ఉంటాయో ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. తీర్మానం తెచ్చిన మిత్రుల బాధను నేను కాదనను. అందులోని "పూర్తిగా" అనే మాట దగ్గరే నాకు పేచీ.

ఇంటర్నెట్ కుర్రకారు వ్యవహారం, మనకెందుకు అనేవారు మనలో ఇంకా కొందరున్నారు. పూర్వం మనం పెన్షను కోసం ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తా ఎదుట నిలబడి, బతికే ఉన్నామని సంతకం పెట్టి వచ్చేవాళ్ళం. 2014 నవంబరులో కేంద్రప్రభుత్వం జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టిన తరువాత వేలిముద్రో ముఖమో చూపితే సరిపోతున్నది. బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, పెద్దాసుపత్రి చీటీ, దూరదేశంలో ఉన్న మనవరాలి ముఖం, అన్నీ ఆ లైను మీదనే. అది ఆగితే ముందు ఇబ్బందిపడేది కుర్రాళ్ళు కారు, మనమే.

ఆగడం అంటే ఏమిటో మనవాళ్ళు 2022లో చూశారు. ఆ సంవత్సరం మే 24న జిల్లా పేరు మార్పు వివాదంలో అమలాపురంలో విధ్వంసం జరిగింది. మంత్రిగారి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పుపెట్టారు. కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేశారు. ఆ రాత్రి నిలిపివేయడాన్ని నేను తప్పు పట్టను. పుకారు నిప్పుకన్నా వేగంగా పోతుంది. కానీ మంటలు ఆరిన తరువాత కూడా, వారం దాటినా, సర్వీసు పూర్తిగా రాలేదు. ఇళ్ళ నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాపులు చంకన పెట్టుకుని సిగ్నలు కోసం పొరుగు ప్రాంతాలకు పోవలసి వచ్చింది. ఇల్లు తగలబెట్టినవాడికి, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకునేవాడికి ఒకటే శిక్ష!

ఇక నా అనుభవంలోకి వస్తాను. కలెక్టరాఫీసు మేజిస్టీరియల్ సెక్షనులో నేను చాలాకాలం పనిచేశాను. 144 సెక్షను ఉత్తర్వులకు ఎన్ని డ్రాఫ్టులు పెట్టానో లెక్కలేదు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షను అయింది, కానీ మనబోటివాళ్ళ నోట ఎప్పటికీ 144 గానే ఉంటుంది. బయటివాళ్ళు 144 అంటే లాఠీ అనుకుంటారు. సెక్షను చదివినవాడికి తెలుస్తుంది, అందులో లాఠీకన్నా కాగితమే ఎక్కువ. ఉత్తర్వు లిఖితపూర్వకంగా ఉండాలి, కేసులోని ముఖ్యమైన వాస్తవాలు అందులో పేర్కొనాలి అని మొదటి ఉపసెక్షనులోనే ఉన్నది. రెండు నెలలకు మించి అమలులో ఉండరాదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా ఆపైన ఆరు నెలలే. ఇబ్బందిపడినవాడు రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే మేజిస్ట్రేటు అతని మాట వినాలి, దరఖాస్తు తోసిపుచ్చితే ఎందుకు తోసిపుచ్చిందీ రాయాలి.

కొత్తగా చేరిన గుమాస్తా ఎవరైనా "శాంతిభద్రతల దృష్ట్యా" అని ఒక్క ముక్క రాసి ఫైలు పైకి పంపితే, మా సూపరింటెండెంటు గారు ఎర్రసిరాతో గీత కొట్టి తిప్పి పంపేవారు. ఏ ఊరు, ఊళ్ళో ఏ వీధి, ఎవరి రిపోర్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని మార్జిన్లో నాలుగు ప్రశ్నలు ఉండేవి. ఫెయిర్ కాపీ అయిన తరువాత తహశీల్దారుకు, పోలీసు స్టేషనుకు, పంచాయతీకి నకళ్ళు. ఊళ్ళో దండోరా. చావడి గోడకు అంటింపు. చదువురానివాడికి కూడా తనకు ఏది నిషేధమో, ఎన్నాళ్ళో చెవిన పడేది. ఆ ఉత్తర్వులన్నీ న్యాయమైనవని నేను చెప్పడంలేదు. కొన్ని కానేకావు. కానీ అన్యాయమైనదాన్ని పట్టుకుని కోర్టుకు పోవడానికి చేతిలో ఒక కాగితం ఉండేది.

ఇంటర్నెట్ విషయంలో మన చట్టసభలు ఆ చిన్న పని చేయడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. వార్తలను ఆపే, వినే అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షనులో ఉండేది. తెల్లదొరలు తంతిసమాచారం కోసం రాసుకున్నది. ఫోను సంభాషణలు చాటుగా వినేటప్పుడు ఏ పద్ధతి పాటించాలో చెప్పే రూల్సు లేవని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎత్తిచూపి, తానే కొన్ని షరతులు పెట్టవలసి వచ్చింది. 111 ఏళ్ళు! ఇంటర్నెట్ నిలిపివేతకు ప్రత్యేకంగా రూల్సు వచ్చింది 2017 ఆగస్టులో. అంతకుముందు దానికీ మా 144నే వాడేవారు. నలుగురు గుమికూడకుండా ఆపే సెక్షనుతో లక్షలమంది ఉత్తరప్రత్యుత్తరాలను ఆపడం, దోమతెరతో వరదను ఆపడం వంటిదని నాకనిపించేది.

2019 ఆగస్టు 4 రాత్రి నుంచి కాశ్మీరులో లైన్లు ఆగాయి. వేగం గల 4జి సర్వీసు మళ్ళీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలంలో కాశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఉత్తర్వులు చూపండి అంటే ప్రభుత్వం అన్నీ దాఖలు చేయలేదు, మచ్చుకు కొన్ని చూపింది. 2020 జనవరి 10న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు మనవాళ్ళే: కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ, మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, మూడవవారు జస్టిస్ బి.ఆర్. గవాయ్. నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలి, గడువు లేకుండా నిలపరాదు, అవసరానికి మించి నిలపరాదు అన్నారు. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడడం, వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం కిందికి వస్తాయన్నారు. నాకు ఆ తీర్పు చదువుతుంటే మా సూపరింటెండెంటు గారి ఎర్రసిరా గుర్తుకు వచ్చింది. అయితే తీర్పు వచ్చినరోజునే లైను రాలేదు, అదీ గమనించాలి. సమీక్ష చేయమన్నారు తప్ప తామే పునరుద్ధరించలేదు.

మరుసటి సంవత్సరం, 2021 డిసెంబరులో, పార్లమెంటు స్థాయీసంఘం ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో ఏ రాష్ట్రంలో ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆపారో టెలికం శాఖ దగ్గరా లెక్క లేదు, హోంశాఖ దగ్గరా లెక్క లేదు అని అందులో తేలింది. మిత్రులారా, మన ఆఫీసుల్లో పావలా సర్వీసు స్టాంపుకు రిజిస్టరు ఉండేది. ఎవరి పేర ఏ కవరు మీద అంటించామో ఆడిట్లో చూపకపోతే ఆ పావలా మన జీతంలోంచి పోయేది. ఒక జిల్లా మొత్తాన్ని మూగపరచిన ఉత్తర్వుకు రిజిస్టరు లేదట! అది లేకుండా ఆపితే లాభం కలిగిందా, నష్టం కలిగిందా అన్నది ఎవరు తేల్చగలరు? 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో ఉపాధ్యాయ అర్హత పరీక్షకు కాపీలు కొట్టకుండా ఉండడానికి అనేక జిల్లాల్లో ఇంటర్నెట్ ఆపారు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు చేయవలసిన పని అది.

2023లో కొత్త టెలికం చట్టం వచ్చింది. దాని కింద 2024 నవంబరులో నిలిపివేత రూల్సు వచ్చాయి. ఉత్తర్వు ప్రచురించాలి, కారణం, ప్రాంతం, కాలం రాయాలి, 15 రోజులకు మించరాదు అని అందులో ఉన్నది. సంతోషం. అయితే ప్రచురణ, 15 రోజుల గడువు రూల్సులో ఉన్నాయి, చట్టంలో లేవు. రూల్సు ఒక నోటిఫికేషనుతో మారుతాయి.

ఇక మాటకు శిక్ష వేసే సెక్షన్ల సంగతి. 2008 డిసెంబరులో, ముంబయి దాడులు జరిగిన కొద్ది వారాలకు, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి సవరణ బిల్లు పెద్దగా చర్చ లేకుండా ఉభయసభలలో ఆమోదం పొందింది. అందులో 66ఎ అనే సెక్షను. తీవ్రంగా అభ్యంతరకరమైన సందేశం పంపినా, అబద్ధమని తెలిసి ఎదుటివాడికి చిరాకు, అసౌకర్యం కలిగించడానికి పంపినా మూడేళ్ళ వరకు జైలు. చిరాకు అంటే ఏమిటో నిర్వచనం లేదు. నా సర్వీసులో నాకు చిరాకు కలిగించినవారందరినీ జైలుకు పంపితే ఈ హాలులో సగం కుర్చీలు ఖాళీ! 2012 నవంబరులో బాల్ థాకరే మరణానంతరం ముంబయి మూతపడడాన్ని ప్రశ్నిస్తూ పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకొక అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయవిద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ ఆ సెక్షనును కొట్టివేశారు. చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం వేరు, హింసకు ఉసిగొల్పడం వేరు. మూడవదాని దగ్గరకు వచ్చినప్పుడే చట్టం చేయి వేయవచ్చునని చెప్పిన తీర్పు అది.

తరువాత జరిగింది మన వృత్తికి సంబంధించినది కనుక కొంచెం వివరంగా చెబుతాను. కోడు పుస్తకాలకు కరెక్షన్ స్లిప్పులు అంటించినవాళ్ళు ఇక్కడ ఎందరున్నారు? మైదా జిగురు గిన్నె, కత్తెర దగ్గర పెట్టుకుని, పాత పేరా మీద కొత్త స్లిప్పు సరిగ్గా కూర్చేటట్లు అంటించేవాళ్ళం. పాత అక్షరం ఒక్కటి బయటికి కనిపించినా పై అధికారి ఊరుకునేవాడు కాదు. ఎందుకంటే స్లిప్పు పడకపోతే చచ్చిపోయిన రూలు బతికి తిరుగుతుంది. సరిగ్గా అదే జరిగింది. కోర్టు కొట్టివేసిన ఆరేళ్ళ తరువాత, 2021లో కూడా, అనేక రాష్ట్రాల్లో పోలీసులు 66ఎ కింద కేసులు కడుతూనే ఉన్నారు. ఆ సంగతి ఆ ఏడు జులైలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ చెప్పిన సంజాయిషీ ఏమిటి? చట్టం పుస్తకంలో సెక్షను అట్లాగే అచ్చయి ఉన్నది, కొట్టివేసిన సంగతి కింద ఫుట్‌నోట్‌లో ఉన్నది, పోలీసు అధికారి ఫుట్‌నోట్ చూడడు అని. బెంచి మీద ఉన్నది ఆ తీర్పు రాసిన జస్టిస్ నారిమన్ గారే. చివరకు 2022 అక్టోబరు 12న, ఆ సెక్షను కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయరాదని కోర్టు మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. ఒక స్లిప్పు అంటించే గుమాస్తా లేకపోతే సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పవలసి వచ్చిందన్నమాట.

కొట్టివేసిన సెక్షనును పుస్తకంలోంచి తొలగించే బిల్లు తేవడం చట్టసభల పని. ఒక పేజీ బిల్లు.

ఇప్పుడు మన తీర్మానానికి కారణమైన సంగతికి వస్తాను. మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పను, "డిజిటల్ అరెస్టు" అనే మోసంలో చిక్కుకుని కమ్యుటేషను సొమ్ము పోగొట్టుకున్నారు. యూనిఫారం వేసుకున్నవాడు వీడియోలో కనిపించి, కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపించి, కదిలితే అరెస్టు అన్నాడట. ఇటువంటివి దేశమంతా జరుగుతున్నాయి. సాక్షాత్తూ సుప్రీంకోర్టు పేరుతో నకిలీ ఉత్తర్వులు చూపించి హర్యానాలో ఒక వృద్ధ దంపతులను దోచుకున్నారు. ఆ కోర్టు తనంతట తాను కేసు చేపట్టి, 2025 డిసెంబరులో దర్యాప్తు సి.బి.ఐ.కి అప్పగించింది.

దీనికి మందు ఇంటర్నెట్‌ను మొత్తం ప్రభుత్వం చేతికి ఇవ్వడమేనా? ఏ సవరణ 66ఎ ని తెచ్చిందో, అదే సవరణ 66డి ని కూడా తెచ్చింది. కంప్యూటరు ద్వారా వేరొకరినని నమ్మించి మోసం చేస్తే మూడేళ్ళ వరకు శిక్ష. దానిని ఏ కోర్టూ కొట్టివేయలేదు. అందులో నేరం ఏమిటో రాసి ఉంది: వేషం వేసినవాడు, మోసపోయినవాడు, మోసం, మూడూ రుజువు కావాలి. ఒకే రోజున ఒకే సభ రాసిన రెండు సెక్షన్లు. ఒకటి దొంగను పట్టుకోవడానికి పనికివస్తుంది, రెండవది ఇద్దరు ఆడపిల్లలను పట్టుకోవడానికి పనికివచ్చింది. మన సభ్యుని సొమ్ము ఎవరో రాసిన విమర్శ వల్ల పోలేదు. ఇతరుల పేర తెరిచిన బ్యాంకు ఖాతాల వల్ల, దొంగ సిమ్ముల వల్ల, ఫిర్యాదు ఆలస్యం కావడం వల్ల పోతుంది. 1930 నంబరుకు మొదటి గంటలోనే చేయండి, సిగ్గుపడి దాచుకోకండి. బ్యాంకు, టెలిఫోను కంపెనీ ఎన్ని నిమిషాల్లో ఖాతా స్తంభింపజేయాలి, చేయకపోతే నష్టం ఎవరు భరించాలి, ఇదిగో, చట్టసభ గట్టిగా పట్టుకోవలసిన చోటు ఇది.

ఇంకొక మాట. మన పెద్దలు ఆ నకిలీ కాగితానికి ఎందుకు భయపడ్డారు? నిజమైన ఉత్తర్వు ఎట్లా ఉంటుందో చూసే అలవాటు జనానికి పోయింది. మన రోజుల్లో తాఖీదు వస్తే నంబరు, తేదీ, సెక్షను, సంతకం పెట్టినవాని హోదా, అప్పీలు ఎవరికో, గడువు ఎంతో చూసేవాళ్ళం. ఇప్పుడు ఒకరి రాత మాయమవుతుంది, ఎవరు తీయించారో తెలియదు. 69ఎ సెక్షను కింద వెబ్‌సైట్లు నిరోధించడానికి 2009 రూల్సు ఉన్నాయి. కారణాలు రాయాలని, కమిటీ పరిశీలించాలని ఉన్నది, అందువల్లనే 2015 తీర్పులో ఆ సెక్షను నిలబడింది. కానీ అదే రూల్సులో 16వది, అంతా రహస్యంగా ఉంచాలంటుంది. అసలు ఉత్తర్వే కంటికి కనిపించకుండా పనిచేస్తుంటే, కనిపించని ఉత్తర్వుతో బెదిరించే దొంగకు అంతకన్నా అనుకూలం ఏముంటుంది?

రూల్సు అన్నాను కదా, చట్టసభల మీద నా ముఖ్యమైన ఫిర్యాదు అదే. బిల్లులో ప్రతి రెండో పేరాలో "నిర్ణీత విధముగా" అంటారు. అంటే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి డిపార్టుమెంటుకు ఇవ్వడం. 2023 టెలికం బిల్లు లోక్‌సభలో డిసెంబరు 20న, రాజ్యసభలో 21న ఆమోదం పొందింది. అంత పెద్ద బిల్లును మా సెక్షనులో కంపేర్ చేయడానికే రెండు రోజులు పట్టేది. ఆ ఏడే ఏప్రిల్‌లో, ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది అబద్ధమో ప్రభుత్వ యూనిట్టే నిర్ణయించాలని రూల్సు సవరించారు. బొంబాయి హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక అభిప్రాయం చెప్పగా, మూడవ జడ్జి 2024 సెప్టెంబరులో అది చెల్లదన్నారు. తన మీద వచ్చిన పిటిషనును తానే విచారించే తహశీల్దారును మనం ఎక్కడైనా చూశామా? తప్పుడు ప్రచారమైతే ప్రభుత్వం ఖండన ఇవ్వవచ్చు, ఆ హక్కు ఎప్పుడూ ఉన్నది.

ఇది ఒక పార్టీ దోషం కాదు, అపార్థం చేసుకోకండి. నేను చెప్పిన ఉదాహరణల్లో అన్ని రంగుల జెండాలూ ఉన్నాయి. కేరళలో 2020 నవంబరులో, మహిళలను ఇంటర్నెట్‌లో వేధించేవారిని శిక్షించాలనే మంచి ఉద్దేశంతో ఆర్డినెన్సు తెచ్చి, మాటలు మరీ వదులుగా రాయడంతో గొడవై, రోజుల్లోనే వెనక్కు తీసుకున్నారు. వెనక్కు తీసుకున్నందుకు మెచ్చుకోవాలి. 1986లో ఉత్తరాలు విప్పి చూసే అధికారాన్ని విస్తరించే పోస్టాఫీసు సవరణ బిల్లు ఉభయసభలలో ఆమోదం పొందితే, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు, బల్లమీద ఉంచేశారు. పెండింగు ఫైలు ప్రజలకు మేలు చేసిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే!

కంపెనీలు సాధువులని నేను అనడంలేదు. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. కొన్ని సైట్లకు ఒక ధర, కొన్నిటికి ఇంకొక ధర పెట్టకూడదని కంపెనీలను కట్టడి చేసింది. అటువంటి అదుపు ఎంతైనా కావాలి. అది దారి అందరికీ తెరచి ఉంచే అదుపు.

రాత్రి పన్నెండు గంటలకు ఊరు తగలబడుతుంటే కారణాలు రాస్తూ కూర్చుంటారా అని ఇందాక వరండాలో ఒక మిత్రుడు అడిగారు. కూర్చున్నాం. కరెంటు పోతే లాంతరు పెట్టుకుని టైపు కొట్టాం. అత్యవసరమైతే ఎదుటివాడి మాట వినకుండానే ఉత్తర్వు ఇవ్వవచ్చునని 144లోనే ఉన్నది. రాయకుండా ఇవ్వవచ్చునని మాత్రం లేదు. ముప్పావుగంట పని. నాలుగు వాక్యాల కారణం రాయలేని ఉత్తర్వుకు కారణం లేదనే అనుకోవాలి.

కనుక 7వ అంశానికి నా సవరణ ఇది. "పూర్తిగా తన అదుపులోకి తీసుకోవాలి" అనే మాటలు తీసివేసి, ఆర్థిక మోసాలపై బ్యాంకులకు, టెలిఫోను కంపెనీలకు గడువుతో కూడిన బాధ్యత చట్టంలోనే పెట్టాలనీ, ఇంటర్నెట్‌ను ఆపే లేక రాతను తొలగించే ప్రతి ఉత్తర్వూ కారణంతో, గడువుతో, అప్పీలు అధికారి హోదాతో ప్రచురించాలనీ, దానికి రిజిస్టరు పెట్టి శాసనసభ ముందు ఏటా ఉంచాలనీ మన శాసనసభ్యులకూ పార్లమెంటు సభ్యులకూ రాయాలి. డ్రాఫ్టు కార్యదర్శి గారి బల్లమీద ఉన్నది. మార్పులు చెప్పదలచినవారు భోజనాల లోపు కాగితం మీద రాసి ఇవ్వండి.